సమ్మె కాదు, సెలవు!

"మీరేం చేస్తుంటారండీ?"

ఎవరు ఈ ప్రశ్న వేసినా నా నోట్లోంచి ఠక్కున ఊడిపడే జవాబు ఒకటే. "ఏం లేదండీ, ఇంట్లోనే వుంటాను."

తెల్లవారుఝామున పాలు కాచడంతో మొదలై, రాత్రి అందరి మంచాల దగ్గరా మంచినీళ్ళు పెట్టేదాకా సాగే భాగవతానికంతటికీ నేను పెట్టుకున్న పేరు 'ఏం లేదు'! నేనొక్కదాన్నే కాదు లెండి. మా ఎదురింటావిడా అంతే, మా తోడికోడలూ అంతే. ఆమాటకొస్తే మన జనాభా లెక్కలవాళ్ళు మాత్రం ఏం చేశారు? 2011 లెక్కల్లో కూడా ఇంటిపని చేసుకునే ఆడవాళ్ళని 'పనిచేయని వారి' పద్దులోనే రాశారు. మనమే 'ఏం లేదు' అంటుంటే పాపం వాళ్ళని అనడం దేనికి?

సరిగ్గా ఇదే జవాబు దగ్గర ఒక దేశంలో ఆడవాళ్ళకి ఒళ్ళు మండింది. మండి ఊరుకోలేదు. అందరూ కూడబలుక్కుని ఒక్కరోజు ఆ 'ఏం లేదు'ని ఆపేశారు. ఆ ముచ్చటే ఇవాళ మీకు చెబుదామని కూర్చున్నాను.

ఆ దేశం పేరు ఐస్‌లాండ్. ఉత్తరాన అట్లాంటిక్ సముద్రంలో, భూగోళం పటంలో వెతికితే గాని దొరకని ద్వీపం. చేపలు పట్టడం, వాటిని శుభ్రం చేసి పైదేశాలకు పంపడం అక్కడి ముఖ్యమైన జీవనాధారం. 1975 నాటికి దేశం మొత్తం జనాభా సుమారు 2 లక్షల 20 వేలు. మన దగ్గర ఒక జిల్లా కేంద్రానికి సరిపోతారు!

అన్నట్టు, అక్కడ చాలామందికి ఇంటిపేర్లుండవు. తండ్రి పేరు చివర కూతురైతే 'దోత్తిర్' అనీ కొడుకైతే 'సోన్' అనీ చేరుస్తారు. అంటే ఫలానావారి అమ్మాయి, ఫలానావారి అబ్బాయి అన్నమాట. అందుకని పెళ్ళయినా ఆడపిల్ల పేరు మారదు. టెలిఫోన్ డైరెక్టరీ అచ్చువేసిన రోజుల్లో అందులో కూడా అసలు పేర్ల వరసలోనే వేసేవారు. ఇది చదివినప్పుడు, పెళ్ళినాడే పుట్టింటిపేరు వదిలేసుకున్న నాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

అయితే పేరు మారనంత మాత్రాన రాత మారుతుందా? ఐస్‌లాండ్ ఆడవాళ్ళు గట్టివాళ్ళే. 1908లోనే రాజధాని రేక్యవిక్ నగరసభకు ప్రత్యేకంగా ఆడవాళ్ళ జాబితాతో పోటీచేసి నలుగురు నెగ్గారు. 1915లో పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు వచ్చింది. కాని మెలిక చూడండి, 40 ఏళ్ళు నిండిన వాళ్ళకే! ఆ మెలిక తియ్యడానికి మరో అయిదేళ్ళు పట్టింది. 1922లో మొదటి మహిళ పార్లమెంటులో అడుగుపెట్టింది. ఇంత తొందరగా మొదలైన ప్రయాణం ఆ తర్వాత ఎక్కడో కునుకు తీసింది. 1975లో 60 మంది పార్లమెంటు సభ్యుల్లో ఆడవాళ్ళు ముగ్గురే. జీతాలు చూస్తే, మగవాళ్ళకి 100 వచ్చేచోట ఆడవాళ్ళకి 60 కూడా రావడం లేదు.

1975ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది జూన్‌లో రేక్యవిక్‌లో ఆడవాళ్ళ మహాసభ జరిగింది. 'ఎర్ర మేజోళ్ళు' అని పేరు పెట్టుకున్న పడుచువాళ్ళ సంఘం ఒకటి వుండేది. దేశంలో ఆడవాళ్ళంతా ఒకరోజు సమ్మె చెయ్యాలన్నది వాళ్ళ ఆలోచన. 'సమ్మె' అన్న మాట వినగానే పెద్దవాళ్ళు బెదిరారు. అందరూ ఒక పార్టీవాళ్ళు కారు. కుడివైపు వాళ్ళున్నారు, ఎడమవైపు వాళ్ళున్నారు, ఏ వైపూ లేని గృహిణులున్నారు. అప్పుడు ఒక ఉపాయం తట్టింది. సమ్మె అనొద్దు, 'సెలవు' అందాం!

చూశారా తమాషా? చేసే పని అదే. పేరు మాత్రం మెత్తనిది. సమ్మె అంటే యజమాని కళ్ళెర్రజేస్తాడు, మొగుడు మూతి ముడుస్తాడు. ఒక్కరోజు సెలవు కావాలంటే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? నాలుగు రోజుల పుట్టింటి ప్రయాణాన్ని 'పెద్దమ్మని చూసి వచ్చేస్తాను' అని సర్దిచెప్పుకునే మనకి ఈ విద్య కొత్తదేం కాదు గదా!

ఎందుకీ సెలవు అని వివరిస్తూ కరపత్రాలు పంచారు. జీతాల తేడా సంగతి రాశారు. పొలం పనిలో సగం మోసే రైతుల భార్యలకు రైతు సంఘంలో పూర్తి సభ్యత్వం లేదన్నారు. వీటన్నిటితోపాటు మన సంగతి కూడా రాశారు. ఇల్లు చూసుకునే ఆడదాన్ని గురించి, ఆవిడేం పని చెయ్యదు, ఇంట్లోనే వుంటుంది అంటున్నారే, అందుకే ఈ సెలవు అని! ఇల్లు నడిపిన అనుభవానికి ఉద్యోగంలో చేరేటప్పుడు విలువ లేదే, అందుకూనట. వేల మైళ్ళ అవతల మంచులో వున్నవాళ్ళు మా వంటింట్లో మాటలు ఎలా విన్నారబ్బా అనిపించింది.

1975 అక్టోబరు 24, శుక్రవారం. ఆ రోజు ఐస్‌లాండ్‌లో నూటికి 90 మంది ఆడవాళ్ళు పనిలోకి దిగలేదు. ఆఫీసుకి వెళ్ళలేదు, పొయ్యి వెలిగించలేదు, పిల్లల్ని పట్టుకోలేదు. బడుల్లో పంతులమ్మలు లేరు. చేపల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వాటిలో చేపలు కోసేవాళ్ళంతా ఆడవాళ్ళే మరి. ఎయిర్‌హోస్టెస్‌లు రాక విమానాలు ఆగాయి. టెలిఫోన్లు సరిగ్గా పలకలేదు. బ్యాంకుల్లో పెద్ద ఆఫీసర్లు స్వయంగా కౌంటర్ల దగ్గర కూర్చుని నోట్లు లెక్కపెట్టారు. అక్షరాలు కూర్చేవాళ్ళు ఆడవాళ్ళు కావడంతో పత్రికలు సన్నబడ్డాయి.

ఇక మగవాళ్ళ అవస్థ చెప్పేదేముంది! పిల్లల్ని చంకనేసుకుని ఆఫీసులకు బయల్దేరారు. వాళ్ళు అల్లరి చెయ్యకుండా మిఠాయిలూ, రంగు పెన్సిళ్ళూ కొనుక్కెళ్ళారు. రేడియోలో వార్తలు వస్తుంటే వెనకనుంచి చిన్నపిల్లల ఆటపాటల చప్పుళ్ళు దేశమంతా విన్నదట. మధ్యాహ్నమయ్యేసరికి దుకాణాల్లో సాసేజీలు అయిపోయాయి. సాసేజీ అంటే మాంసం కూరి గొట్టంలా చేసి అమ్మేది. వేడిచేస్తే చాలు, తినెయ్యచ్చు. వంట రాని మగవాడికి మన దగ్గర ఉప్మా ఎలాంటిదో అక్కడ సాసేజీ అలాంటిది. ఒక దేశంలో మగవాళ్ళంతా ఒకేసారి ఉప్మా రవ్వ కోసం బజారుమీద పడ్డారనుకోండి!

మరి ఆడవాళ్ళెక్కడున్నారంటారా? రేక్యవిక్ నడిబొడ్డున ఒక కూడలిలో 25 వేలమంది పోగయ్యారు. అంటే దేశ జనాభాలో పదోవంతుకి పైగా! అమ్మమ్మలూ, బడిపిల్లలూ, ఆఫీసు అమ్మాయిలూ, చేపల ఫ్యాక్టరీ వాళ్ళూ భుజం భుజం రాసుకుని నిలబడ్డారు. పాటలు పాడారు, ఉపన్యాసాలు విన్నారు. అన్నిటికంటే తక్కువ జీతపు పనులు చేసే ఆడవాళ్ళ సంఘం తరఫున ఒకావిడ మాట్లాడింది. ఎత్తు పదవుల్లోని ఆడవాళ్ళు నలుగురు ఏర్పాటు చేసిన ముచ్చట కాదిది, తక్కువ జీతపు ఆడవాళ్ళ ప్రతినిధి కూడా మైకు ముందు నిలబడ్డ సభ.

అర్ధరాత్రితో సెలవు అయిపోయింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ అవే గిన్నెలు, అవే చేపలు, అవే టైపుమిషన్లు. ఐస్‌లాండ్ మగవాళ్ళు ఆ రోజుకి 'పొడుగాటి శుక్రవారం' అని పేరు పెట్టుకున్నారట. ఎంత పొడుగైనా రోజు రోజే, అయిపోతుంది. 'ఈ సంబడానికా ఇంత హడావిడి?' అని మీరడగొచ్చు. నేనూ అదే అనుకున్నాను. కాని తర్వాత జరిగింది వినండి.

మరుసటి ఏడాది, 1976లో, ఆడామగా సమానత్వం కోసం పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1980లో దేశాధ్యక్ష పదవికి ఎన్నికలొచ్చాయి. పోటీలో ముగ్గురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. ఆవిడ పేరు విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్, అంటే ఫిన్‌బోగిగారి అమ్మాయి. నాటకసంస్థ నడిపేది. భర్తతో విడిపోయింది. ఒంటరి స్త్రీకి పెంపకానికి బిడ్డనివ్వడం అక్కడ ఎరగని రోజుల్లో పట్టుబట్టి ఒక పాపని తెచ్చుకుని పెంచుకుంటోంది. 1975లో తన తల్లినీ, ఆ చిన్నపాపనీ వెంటబెట్టుకుని ఆ కూడలిలో నిలబడ్డ వాళ్ళలో ఆవిడా ఒకరు.

పోటీ చెయ్యమని ఆవిణ్ణి ప్రోత్సహించినవాళ్ళలో ఎవరున్నారో తెలుసా? నడిసముద్రంలో చేపలు పట్టే ఓడ సిబ్బంది! మొరటు మనుషులనుకునే ఆ జాలర్లు టెలిగ్రాం పంపారు. ఎన్నికల ప్రచారంలో మగ అభ్యర్థుల్ని అడగని ప్రశ్నలన్నీ ఆవిణ్ణి అడిగారు. ఆవిడకి రొమ్ము కాన్సర్ వచ్చి ఆపరేషన్ అయింది. దాన్ని గురించి కూడా ఎవరో అడిగితే, నేను దేశానికి పాలివ్వడానికి రావడం లేదు, నడపడానికి వస్తున్నాను అన్న అర్థంలో జవాబిచ్చిందట. కొద్దిపాటి ఆధిక్యంతోనే నెగ్గింది. ప్రజల ఓట్లతో దేశాధ్యక్షురాలైన మొట్టమొదటి మహిళ ప్రపంచంలో ఆవిడే. 1996 దాకా, 16 ఏళ్ళు, ఆ పదవిలో వుంది. ఆ శుక్రవారమే లేకపోతే తను అధ్యక్షురాలినయ్యేదాన్ని కాదని తర్వాత చెప్పుకుంది కూడా.

ఇక్కడితో శుభం కార్డు వేసెయ్యచ్చు గాని, అది నిజం కాదు. 2005లో ఐస్‌లాండ్ ఆడవాళ్ళు మళ్ళీ పనులాపి బయటికి వచ్చారు, మధ్యాహ్నం 2 గంటల 8 నిమిషాలకి. మగవాళ్ళ జీతంతో పోల్చి లెక్కకడితే ఆ నిమిషం దాకానే తమకి జీతం ముడుతోందనీ, ఆపైన చేసేదంతా ఊరికే చేస్తున్నట్టేననీ వాళ్ళ లెక్క. 2010లో అదే లెక్కన 2 గంటల 25 నిమిషాలకి లేచారు. 2016లో 2 గంటల 38 నిమిషాలకి. 2018లో 2 గంటల 55 నిమిషాలకి. అంటే 13 ఏళ్ళకి 47 నిమిషాలు గెలుచుకున్నారన్నమాట! ఆడవాళ్ళ చరిత్ర ఏ వేగంతో నడుస్తుందో ఇంతకంటే తేటగా చెప్పిన గడియారాన్ని నేనెక్కడా చూళ్ళేదు. 2023 అక్టోబరు 24న మళ్ళీ రోజంతా సెలవు పెట్టారు. అప్పటి ప్రధానమంత్రి కత్రిన్ యాకబ్స్‌దోత్తిర్ కూడా ఆ రోజు పనిలోకి రానని చెప్పి మానేసింది!

నా మనసులో నిలిచిపోయిన సంగతి మరొకటుంది. 1975 నాటి ఆ శుక్రవారం, ఏడేళ్ళ పిల్ల ఒకతె తన తల్లీ, చుట్టాలావిడలూ పని మానేసి కూర్చోవడం చూసి ఎందుకని అడిగిందట. మేం లేకపోతే జరగదని చూపించడానికే అన్న భావంతో తల్లి బదులు చెప్పిందట. ఆ పిల్ల పేరు హల్లా తోమస్‌దోత్తిర్. 2024లో ఐస్‌లాండ్ అధ్యక్షురాలిగా ఎన్నికైంది.

ఇది చదివినప్పటినుంచీ నాకొకటే ఆలోచన. మా అమ్మాయి నన్ను చూసి ఏం నేర్చుకుంటోంది? ఎవరైనా అడిగినప్పుడల్లా 'ఏం లేదు' అని నేను చెప్పే జవాబు అది కూడా వింటూనే వుంది గదా.

అందుకని నిన్న రాత్రి భోజనాల దగ్గర ధైర్యం చేసి అందరి ముందూ ప్రకటించేశాను. వచ్చే ఆదివారం నాకు సెలవు. సమ్మె కాదు, సెలవు.

మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మావారు కాసేపు గంభీరంగా ఆలోచించి, ఎంతో సానుభూతితో అన్నారు గదా: "తప్పకుండా తీసుకో. పాపం, నీకూ విశ్రాంతి వుండాలి. టిఫిన్ మాత్రం శనివారం రాత్రే చేసి పెట్టెయ్యి."