నీలి అట్టల పుస్తకం

ఇంగ్లీషు పదాన్ని ఎక్కడ విరవాలి? తెలుగు చదివే పిల్లవాడికి ఈ చిక్కు లేదు. గుణింతం వస్తే అచ్చూ హల్లూ కలిసిన అక్షరం కళ్ళెదుటే ఉంటుంది. ఇంగ్లీషులో అచ్చు ఒకటే అయినా దాని పలుకులు అనేకం. అందుచేత పదాన్ని సిలబుళ్ళుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కకూ స్పెల్లింగు చెప్పించి, తిరిగి కూడబలికించడమే అక్కడ చాలాకాలం తొలి చదువు.

1740లో లండన్‌లో వెలువడిన థామస్ డిల్వర్త్ పుస్తకం అమెరికా బడులలోనూ చెలామణి అయింది. రెండచ్చుల మధ్య హల్లును రెండవ ముక్కకు చేర్చడం అందులోని పద్ధతి. అలా విరిస్తే మొదటి ముక్క అచ్చుతో ముగుస్తుంది. పిల్లవాడు దాన్ని సాగదీస్తాడు. 'హ్యాబిట్' 'హే-బిట్' అవుతుంది, 'బిషప్' 'బై-షప్' అవుతుంది. నోవా వెబ్‌స్టర్ అనే అమెరికన్ బడిపంతులు 1783లో దీన్ని తల్లకిందులు చేశాడు. 'హ్యాబ్-ఇట్', 'బిష్-అప్', 'క్లస్-టర్': నోరు ఎక్కడ ఆగితే కాగితం మీద గీత అక్కడే పడాలన్నది అతని వాదం. గిడుగు వారి వ్యావహారికోద్యమం ఎరిగిన మనకు ఈ ధోరణి కొత్త కాదు.

అంతమాత్రాన వెబ్‌స్టర్‌ను విప్లవకారుడిని చేయనక్కరలేదు. అతడు ఫెడరలిస్టు, వయసు మీరేకొద్దీ సామాన్యుల పాలన అంటే జంకినవాడు. కాని పుస్తకం అతన్ని దాటిపోయింది.

దక్షిణ రాష్ట్రాల బానిస యజమానులకు ఈ కూడబలుక్కోవడమే ప్రమాదమనిపించింది. డిల్వర్త్ పుస్తకం వచ్చిన 1740లోనే దక్షిణ కరొలైనా బానిసలకు రాత నేర్పడాన్ని నేరం చేసింది. రాత వస్తే బానిస తన ప్రయాణపు చీటీ తానే రాసుకోగలడు మరి! ఉత్తర కరొలైనా 1830 నాటి శాసనం చదువునూ రాతనూ నిషేధించి, అంకెలను మాత్రం మినహాయించింది. లెక్క తెలిసిన బానిస యజమానికి పనికివస్తాడు కాబోలు.

బాల్టిమోర్‌లో ఫ్రెడరిక్ డగ్లస్‌కు యజమానురాలు మూడు నాలుగక్షరాల మాటలు నేర్పుతుంటే భర్త అడ్డుకొన్నాడు. స్వేచ్ఛకు దారి ఎటో ఆ అడ్డంకితోనే తనకు తెలిసిందని డగ్లస్ 1845లో ప్రకటించిన ఆత్మకథలో చెప్పాడు. తరువాత వెబ్‌స్టర్ పుస్తకంలోని ఏటవాలు అక్షరాలను, చూడకుండా రాయగలిగేదాకా దిద్దుకొన్నాడు.

1865లో బానిసత్వం రద్దయింది. బుకర్ వాషింగ్టన్ తరువాతి రాజకీయాలతో మనకు పేచీ ఉండవచ్చు. అతని తొలి చదువుతో లేదు. చదువురాని తల్లి ఎక్కడనో సంపాదించి ఆ నీలి అట్టల పుస్తకాన్ని కొడుకు చేతిలో పెట్టింది. మొదట అక్షరమాల, ఆపైన 'అబ్', 'బా', 'కా', 'డా' వంటి అర్థంలేని ముక్కలు. చుట్టుపక్కల చదవనేర్చిన నల్లజాతివాడు ఒక్కడూ లేడు. తెల్లవారిని అడగడానికి కుర్రవాడికి జంకు. కొన్ని వారాలలో అక్షరమాలలో చాలాభాగం తానే పట్టుకొన్నాడు.