పగులని పిల్లనగ్రోవి



రోహిణికార్తెలో రోళ్లు పగులునన్న మాటను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములవారికి నేను వివరింప బనిలేదు. మా యింట పగిలినది రోలు గాదు, పిల్లనగ్రోవి. నేను మిర్యాలగూడలో ఉపాధ్యాయుడనై యున్న కాలమున, మా గురువుగారు దయతో నిచ్చిన వెదురు వేణువును గూటిలో బెట్టి వేసవి సెలవులకు స్వగ్రామమునకు బోయితిని. తిరిగి వచ్చి చూతునుగదా, ముఖరంధ్రము మొదలు జానెడు పొడవున బీట! దారము చుట్టి మైనము పూసితిని. పలికినది గాని, పై స్థాయికి బోగానే దగ్గు పట్టిన ముసలివానివలె గొంతు బొంగురుపోయెను. గురువుగారికి ఆ సంగతి చెప్పుటకు నాకు నోరు రాలేదు. వారు గతించువరకును చెప్పలేదు.

గత వేసవిలో, ఐర్లండు దేశమున డబ్లిను నగరమందుండు నా మనుమరాలు కోదాడకు వచ్చి, నల్లని వేణువు నొకదానిని నా చేతబెట్టినది. ఆ దేశపు జానపద సంగీతమునకై చేసినదట. చేవగల కఱ్ఱ యనుకొంటిని. కాదు, రసాయనశాలలో పుట్టిన పదార్థమని తెలిసి, “ప్లాస్టికు గొట్టములో నాదమేమి?” యని కసరుకొంటిని. పిల్ల నవ్వి, “తాతా, నిన్న పొద్దంత ఎండల కారులనే ఉండె. చూడు, ఏమన్న అయిందా?” అన్నది. ఏమియు గాలేదు. నా కోపమునకు శాస్త్రాధార మేమైన గలదా యని ఆ రాత్రి గ్రంథము దీసితిని.

దేవగిరి యాదవుల కాలమున, 13వ శతాబ్దమున, శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరము వాద్యములకు ప్రమాణగ్రంథము. దానికి సంగీతసుధాకరమను వ్యాఖ్య వ్రాసినవాడు పరాయివాడు గాడు, 14వ శతాబ్దమున మన రాచకొండ నేలిన రేచర్ల సింగభూపాలుడు. అందు వేణువునకు వంశమని పేరు. వంశమనగా వెదురే. అట్లయ్యును శాస్త్రకారుడు వెదురుతో నాగలేదు. చండ్రకఱ్ఱ, ఏనుగుదంతము, చందనము, రక్తచందనము, ఇనుము, కంచు, వెండి, బంగారము, వీనిలో దేనితోనైన చేయవచ్చునని యనుమతించెను. అతడు పట్టుపట్టినది వేఱొక విషయమున. గొట్టము గుండ్రముగ, నిటారుగ, నున్నగ నుండవలెను. ముడిగాని, పగులుగాని, గాయముగాని యుండరాదు. ఈ లక్షణముల ముందు నా వెదురు ఓడినది, పిల్ల తెచ్చిన గొట్టము నెగ్గినది. అర్ధరాత్రి దీపమార్పి పండుకొంటిని గాని నిద్ర పట్టలేదు.

ఐర్లండువారి కథయు వినదగినదే. 1847లో జర్మనీదేశీయుడగు థియోబాల్డ్ బోమ్ అనునతడు మీటలతో గూడిన లోహవేణువును నిర్మించెను. పెద్ద వాద్యబృందములవారు క్రమముగ దానివైపు మొగ్గగా, ఆఱు వ్రేళ్ల రంధ్రములుగల పాత కఱ్ఱవేణువులు మూలబడి చవుకగా అమ్ముడుపోయెను. వానిని చేజిక్కించుకొన్నవారిలో ఐర్లండు పల్లెవాసు లుండిరి. నగరము విసర్జించినది పల్లెకు సంప్రదాయమయ్యెను! అయితే కఱ్ఱకును వెదురునకును జబ్బొకటే. ఊపిరి తేమకు లోపల ఉబ్బును, పొడిగాలికి వెలుపల ముడుచుకొనును. ఆ లాగులాటలో చీలును.

1960లో అమెరికాలోని డూపాంట్ సంస్థ డెల్రిన్ అను పేర నొక గట్టి పదార్థమును విపణికి దెచ్చెను. అది నీటిని పీల్చుట అత్యల్పము, ఇంచుమించు 175 డిగ్రీల వేడికి గాని కరగదు. దాని కడ్డీలను తరిమెన పట్టి వేణువులు చేయుదురు. నూనె పూయ నక్కఱలేదు. వేణువున మ్రోగునది ముఖ్యముగ లోని గాలి. గొట్టపు లోకొలత, రంధ్రముల చోటు, ముఖరంధ్రపు అంచు సరిగనున్నచో, గోడ యే పదార్థమైనను భేదము మిక్కిలి స్వల్పమని ధ్వనిశాస్త్ర పరీక్షలు తెల్పుచున్నవి.

దోషములును గలవు. అది వెదురుకంటె బరువు. చెమటపట్టిన గడ్డముమీద జాఱును. తేమను పీల్చదు గావున లోపల నీటిబొట్లు నిలుచును. వాయించిన పిదప గుడ్డతో తుడువవలెను. వేడిగాలిలో శ్రుతి హెచ్చుట దీనికిని తప్పదు. నీళ్లగొట్టముల పి.వి.సి.తో చేసిన వేణువులును దొరకును, అవి చవుక. కాని 80 డిగ్రీల దాపున మెత్తబడును గనుక, వానిని ఎండలో మూసిన కారులో విడువరాదు.

పిల్లలకు కొనువారికి ముఖ్యమైన మాట యొకటి. మన కర్ణాటక వేణువునకు వ్రేళ్ల రంధ్రములు ఎనిమిది, ఐర్లండుదానికి ఆఱు. గమకము పలికించు వ్రేళ్ల యలవాటు వేఱు. కావున కర్ణాటక సంగీతము నేర్చు పిల్లకు ఐర్లండు వేణువును కొనిపెట్టినచో డబ్బును కాలమును రెండును నష్టము. నేర్పు గురువుగారికి చూపి, ఎనిమిది రంధ్రములది, శ్రుతి సరిపోవునది కొనవలెను. మొదటి యేడు వెదురే చాలును. వెల తక్కువ, బరువు తక్కువ, దానిని చేయువానికి నాలుగు మెతుకులు. కుఱ్ఱవాడు నిలకడగా సాధన చేయునని తేలిన పిమ్మట, పగులనిదానిని గూర్చి యోచింపవచ్చును.

మనుమరాలు తన వేణువును నాయొద్దనే విడిచిపోయినది. ఆఱు రంధ్రములమీద నా ముసలి వ్రేళ్లింకను తడబడుచున్నవి. దారము చుట్టిన గురువుగారి వేణువును దానిప్రక్కనే గూటిలో నుంచితిని.