ఈతకు నీళ్లేవి?

2010లో ఢిల్లీలో జరిగిన కామన్‌వెల్త్ క్రీడల్లో ట్రయథ్లాన్ లేదు. 2002లో మాంచెస్టర్‌లోనూ 2006లో మెల్‌బోర్న్‌లోనూ ఉన్న పోటీయే అది. 40 కిలోమీటర్లు సైకిల్ తొక్కడానికి, 10 కిలోమీటర్లు పరుగెత్తడానికి రాజధానిలో రోడ్లకు కొదవ లేదు. 1500 మీటర్లు ఈదడానికి తగిన చోటే దొరకలేదు. యమున ఉన్న ఊళ్లో ఈ మాట వినాల్సి రావడం విడ్డూరమే. ట్రయథ్లాన్ వేదికను తేల్చేది స్టేడియాలు కట్టే సత్తా కాదు, ఆ ఊరు అంతకుముందు తన నీటిని ఎలా చూసుకుందన్నదే. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ పోటీ జరిగిన మింగ్ సమాధుల జలాశయం 1958లో కట్టింది. 2012లో లండన్‌లో ఈదిన సర్పెంటైన్ చెరువు 1730లలో ఓ రాణి ముచ్చటకు తవ్వించింది. మాంచెస్టర్ పోటీకి వాడుకున్న సాల్ఫర్డ్ క్వేస్ అయితే ఒకప్పటి సరుకు రేవు. 1982లో రేవు మూతపడింది. ఆ తర్వాత ఓడకాలువ మురికి లోపలికి రాకుండా గట్లు వేసి, నీటిలోకి గాలి పంపి బాగుచేశారు.

పరిశ్రమ నీరు ఆటల నీరుగా మారాలంటే ముందు పరిశ్రమ ఆగాలి కాబోలు. భిలాయి సంగతే చూడండి. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఈ ఉక్కు ఊరికి తాండులా జలాశయం నుంచి కాలువ మీద నీళ్లు వస్తాయి. అక్కడి మరోదా జలాశయంలో ఆ నీరు నిల్వ ఉంటుంది. ఈతకు సరిపోయేంత విశాలమైనదే, కానీ దాని మీద మొదటి హక్కు కొలిమిది. కార్ఖానా నడుస్తున్నంతకాలం అలా ఉండటమే న్యాయం.

డబ్బు పోస్తే నీరు శుభ్రం కాదా అని అడగొచ్చు. పారిస్ దాదాపు 140 కోట్ల యూరోలు పోసింది. 1923 నుంచి ఈత నిషేధంలో ఉన్న సేన్ నదిలో 2024లో పోటీ జరిగిన మాట నిజమే. అయినా వానలకు నీరు చెడి, జులై 30న జరగాల్సిన పురుషుల పోటీ మర్నాటికి వాయిదా పడింది. పోనీ, ఊరి బయటికి వెళ్లవచ్చుగా అంటారా? 2014లో గ్లాస్గో చేసింది అదే, స్ట్రాత్‌క్లైడ్ పార్కులో. కానీ అక్కడ చెరువు ముందే ఉంది. 2030 కామన్‌వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కాయి. అక్కడ రివర్‌ఫ్రంట్ పక్కన నిండుగా కనిపించే సబర్మతిలో నిలిచేది చాలావరకు నర్మద కాలువ నీరు.