పొలం అమ్మి కొన్న హెరాల్డ్

మా తాత 1964లో కారు కొన్నాడు. నెల్లూరు జిల్లాలో తన వాటాకి వచ్చిన పొలం అమ్మి కొన్నాడు. "పొలం అమ్మి కారు కొన్నోడు" అన్న పేరు ఆయనకి ఊళ్లో చివరిదాకా ఉండిపోయింది. ఇప్పటికీ పెళ్లిళ్లలో గూడూరు వైపు చుట్టాలు కలిస్తే ఎవరో ఒకరు ఆ మాట ఎత్తకుండా ఉండరు. నవ్వుతూనే అంటారు గానీ ఆ నవ్వు వెనక పాత కోపం ఇంకా కొంచెం ఉంది.

మద్రాసు చాకలిపేటలో మేం చాలా ఏళ్లు అద్దెకున్న ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ట్రంకుపెట్టె అడుగున ఆయన పద్దు పుస్తకం దొరికింది. కారు ఇంటికొచ్చిన రోజుతో మొదలవుతుంది. ఎడమ పేజీలో పెట్రోలు, ఆయిలు, టైర్ల ఖర్చు. కుడి పేజీలో కారు గురించి ఆయనకి తోచిన మాటలు. అంతా తెలుగులోనే. మా నాయన తమిళంలో చదువుకున్నవాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు. అందుకని తన తండ్రి రాసిన పుస్తకం ఇంట్లోనే ఉన్నా ఇన్నేళ్లూ ఆయనకి తెరవని పెట్టెలాగే ఉండిపోయింది. నేను పెద్దయినాక కూడబలుక్కుని తెలుగు చదవడం నేర్చుకున్నాను. నేను చదువుతుంటే నాయన పక్కన కూర్చుని విన్నాడు. ఆ నాలుగు సాయంత్రాల్లో తెలిసినవీ, ఆ కారు గురించి అందరికీ తెలిసిన చరిత్రా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజుల్లో కారు కొనాలంటే బేరం మూడింటి మధ్యే. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయిలో తయారయ్యే ఫియట్ 1100, మన మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్. బయటి దేశాల కార్లు రానిచ్చేవారు కాదు. ఫియట్‌కి పేరు రాయించుకుంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అంబాసిడర్ పెద్దమనుషుల బండి, ఆఫీసర్ల బండి. ఫియట్ బుద్ధిగా ఉండే సంసారపు బండి. హెరాల్డ్ మాత్రం కుర్రకారు బండి. రెండే తలుపులు, వెనక రెక్కల్లాగా లేచిన మూలలు, చూడ్డానికి షోకుగా ఉండేది.

దాని పుట్టుక ఇంగ్లండులో. ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో 1959లో అక్కడ వచ్చింది. రూపం గీసింది ఇటలీలోని టురిన్‌కు చెందిన జొవాన్ని మికెలొట్టి. అప్పటికి చాలా కార్లకి బాడీ, ఛాసిస్ ఒకటిగానే వస్తున్నాయి. హెరాల్డ్‌కి మాత్రం కింద వేరే ఛాసిస్, దాని మీద ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించిన బాడీ. ఎందుకంటే వాళ్లకి బాడీలు చేసిచ్చే కంపెనీని పోటీ కంపెనీ కొనేసుకుంది. దాంతో బాడీని ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కా ఒక్కో చోట చేయించుకోవాల్సి వచ్చింది. అక్కడ గత్యంతరం లేక చేసిన పని ఇక్కడ మనకి కలిసొచ్చింది. దెబ్బ తగిలితే ఆ ముక్క ఒక్కటే ఊడదీసి మార్చుకోవచ్చు.

మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1948లో మొదలైంది. ఫ్యాక్టరీ ఊరికి దక్షిణాన వండలూరు వైపు. ముందు వాన్‌గార్డ్ కారు బిగించారు, తర్వాత స్టాండర్డ్ టెన్ లాంటి చిన్న కార్లు చేశారు, 1961లో హెరాల్డ్ తెచ్చారు. పుస్తకం మొదటి పేజీలోనే తాత "మన మద్రాసు బండి" అని రాసుకున్నాడు.

ఆ "మన" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు అటు పోలేదు. దానికి ముందు "మద్రాసు మనదే" అని అరిచినవాళ్లలో మా తాత కూడా ఉన్నాడట. ఓడిపోయాక చాలామంది కర్నూలు వైపో, బెజవాడ వైపో పోయారు. ఈయన జార్జిటౌన్‌లో కాగితాల కొట్టు వదిలి పోలేక ఇక్కడే ఉండిపోయాడు. పదకొండేళ్ల తర్వాత ఆ "మన" అన్న మాటని ఊరికి కాకుండా ఊళ్లో తయారైన కారుకి వాడుకున్నాడు. వింటున్న మా నాయన, "మా నాయనకి ఈ ఊరి మీద కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. అప్పుడే పోయిందేమో" అన్నాడు.

ఇక కారు మీద ఆయన మొదటి ముచ్చట్లు. 948 సీసీల ఇంజను, బలం సుమారు 35 గుర్రాలు. ఇప్పటి లెక్కలో ఏమీ కాదు. కానీ బండి తేలిక. అంబాసిడర్‌లోనూ ఫియట్‌లోనూ గేరు కర్ర స్టీరింగు పక్కన ఉండేది, ముందు సీటు బల్లలాగా ఒక్కటే ఉండేది. దీంట్లో గేరు కర్ర కిందినుంచి చేతికందేలా ఉంది, ముందు సీట్లు దేనికది విడివిడిగా ఉన్నాయి. "ఎదుటి బండి దాటేటప్పుడు గేరు మార్చడం చేతికి ఆటలాగుంది" అని రాశాడు. ఆయనకి అప్పటికి నలభై రెండేళ్లు. అంతకుముందు నడిపింది సైకిలొక్కటే.

ఇంకో ముచ్చట మలుపు. హెరాల్డ్ 25 అడుగుల వెడల్పులో చుట్టూ తిరిగేస్తుంది. ముందు చక్రాలు అంతగా పక్కకి వాలతాయి. చాకలిపేట సందుల్లో ఇది చాలా పెద్ద సుఖం. మా వీధి చివర ఎద్దుబండ్లు నిలబడే చోట వెనక్కీ ముందుకీ లాగకుండా ఒక్క తిప్పులో కారు తిప్పితే పిల్లలు పరుగెత్తుకొచ్చి చూసేవాళ్లట. బానెట్ కూడా మడ్‌గార్డులతో సహా ముందుకి వాలి తెరుచుకునేది. టైరు మీద కూర్చుని ఇంజను పని చూసుకోవచ్చు. ఆదివారం పొద్దున ఆయన అలా కూర్చుని ఉండటం మా నాయనకి కళ్లకి కట్టినట్టు గుర్తుంది.

మెచ్చుకోళ్లే కాదు. వెనక రెండు చక్రాలూ దేనికది విడిగా ఊగే ఏర్పాటు ఈ కారుది. గతుకుల్లో మెత్తగా పోతుంది. కానీ మలుపులో వేగంగా ఉండి చటుక్కున యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని, వెనక భాగం పక్కకి జారే గుణం ఆ ఏర్పాటులోనే ఉంది. ఇంగ్లండులోనూ దీనికి ఆ పేరుంది. తాతకి ఒక మెకానిక్ చెప్పాడట. "వేగం మలుపుకి ముందే తగ్గించుకో, మలుపులో కాదు" అని పెద్దక్షరాలతో రాసి కింద గీత గీసుకున్నాడు.

రెండు తలుపుల సంగతి మా అవ్వకి అసలు నచ్చలేదు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దూరాలి. ముందు కూర్చున్నవాళ్లు దిగితే గానీ వెనకవాళ్లు దిగలేరు. ఈ మాట మా ఇంటి ఒక్కదానిదే కాదేమో. 1960ల చివర్లో మద్రాసు కంపెనీ హెరాల్డ్‌కి నాలుగు తలుపులు పెట్టింది. అలాంటి హెరాల్డ్ ఇంగ్లండులో లేదు, మన దేశంలోనే వచ్చింది.

కారు కొన్న మొదటి నెలలోనే తిరుమల పోయారు. తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా. 1960లో సరిహద్దులు మార్చినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. పుస్తకంలో మాత్రం "మన తిరుత్తణి దగ్గర టీ" అనే ఉంది. కొండెక్కడానికి అప్పటికి 1944లో వేసిన ఘాట్ రోడ్డు ఒక్కటే. పోయేవీ వచ్చేవీ అన్నీ దాని మీదే. నలుగురు పెద్దాళ్లు, ఇద్దరు పిల్లలతో చిన్న ఇంజను మొదటి గేరులోనే ఎక్కువసేపు పాకిందట. కానీ వంపుల దగ్గర పెద్ద కార్లు ఆగి వెనక్కి తీసుకుంటుంటే తాను ఒక్కసారికే తిరిగానని రాసుకున్నాడు. దేవుడి దర్శనం గురించి రెండు ముక్కలు, మలుపుల గురించి పేజీన్నర.

అసలు ప్రయాణం మాత్రం ఉత్తరానికి. రెడ్‌హిల్స్, షోలవరం, గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు. షోలవరంలో యుద్ధకాలపు విమానాల దారి మీద కారు రేసులు జరిగేవి. హెరాల్డ్‌లు కూడా పరుగెత్తేవి. ఒకసారి దారిలో ఆగి, కంచె బయట నిలబడి చూశారట. ఆ రోజు అక్కణ్ణుంచి గూడూరు దాకా తాత మామూలుకన్నా వేగంగా నడిపాడని నాయన నవ్వాడు. పుస్తకంలో ఆ సంగతి లేదు.

కారు రాకముందు ఊరికి పోవాలంటే రైల్లో గూడూరు, అక్కణ్ణుంచి బస్సు, ఆ పైన ఎద్దుబండి. ఏడాదికి రెండుసార్లు పోతే గొప్ప. వాటా పొలం కౌలుకిచ్చి, గింజల లెక్క చూసుకుని, రాత్రికి రైలెక్కేవాడు. కారు వచ్చిన మొదటి ఏడాది పెట్రోలు పద్దుల ప్రకారం పదకొండుసార్లు ఊరికి పోయాడు. అక్కడ అమ్మాల్సిన పొలం ఇక లేదు, అడగాల్సిన కౌలు లేదు. మా పెద్దతాత మొదటి నాలుగుసార్లు పలకరించలేదట. నట్టింట్లో మంచినీళ్లు పెట్టించి తాను వెనక దొడ్లోకి పోయేవాడట. అయినా ఈయన పోతూనే ఉన్నాడు.

1967లో ఒక రాత్రి పెద్దతాతకి గుండెలో నొప్పి అని తంతి వచ్చింది. తాత రాత్రికి రాత్రి పోయి, ముందు సీటు వెనక్కి వాల్చి, అన్నని పడుకోబెట్టుకుని తెల్లారేసరికి మద్రాసు పెద్దాసుపత్రికి చేర్చాడు. ఆ రోజు కుడి పేజీ ఖాళీ. ఎడమ పేజీలో పెట్రోలు ఖర్చు, ఆసుపత్రి ముందు కాఫీ అని మాత్రం ఉంది. పెద్దతాత ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. పొలం మాట మళ్లీ ఎత్తలేదని మా నాయన అంటాడు. ఆయన కొడుకులు మాత్రం, మా నాయన ఎత్తేవాడు, మీ ముందర ఎత్తేవాడు కాదు అంటారు.

ఇదంతా చదివి తాత చేసింది సబబే అనేద్దామా అంటే, పుస్తకంలో లేని సంగతి ఇంకొకటుంది. ఆ డబ్బుతో అప్పట్లో మద్రాసులో ఇంటి జాగా వచ్చేది. అవ్వ అదే అడిగింది. అడిగి ఊరుకుంది. తర్వాత జీవితమంతా అద్దె ఇంట్లోనే గడిపింది. ఈ ముక్క నాయన చెబితే నాకు తెలిసింది. తాత కుడి పేజీల్లో అవ్వ గురించి ఉన్నది, వెనక సీటులో ఎక్కడానికి ఆమె పడిన అవస్థ ఒక్కటే.

హెరాల్డ్ తర్వాత కంపెనీ 1970ల మొదట్లో గెజెల్ తెచ్చింది. వెనక ఊగే చక్రాల ఏర్పాటు తీసేసి మామూలు ఇరుసు పెట్టారు. 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారు తెచ్చారు. అప్పటికే 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేసింది. చవగ్గా, తేలిగ్గా, చురుగ్గా ఉండే చిన్న కారు అంటే జనం మనసులో అదే అయిపోయింది. స్టాండర్డ్ 2000 నిలవలేదు. మా హెరాల్డ్‌ని తాత 1979లో అమ్మాడు. ఆ పేజీలో ఎంతకి అమ్మాడో రాశాడు. కుడి పక్కన "బాగా నడిచింది" అని రెండు మాటలు. పుస్తకం అక్కడితో అయిపోయింది. మా ఇంట్లో తెలుగులో రాసిన చివరి కాగితం కూడా అదే, నేను మళ్లీ మొదలుపెట్టేదాకా.

ఊరు వదిలొచ్చిన మన ఇళ్లలో తాతలనాటి కవిత్వాలు, ఉత్తరాలు ఉండకపోవచ్చు. పద్దు పుస్తకాలు మాత్రం ఉంటాయి. అటక మీద ఉంటే పాత కాగితాల వాడికి వేసేముందు ఒకసారి తెరవండి. మీకు అక్షరాలు రాకపోతే వచ్చినవాళ్లతో చదివించుకోండి. మీ ఇంట్లో కూడా హెరాల్డ్ ఉండేదంటే, ఎవరు ఏది అమ్మి కొన్నారో కూడా రాసి పంపండి.