టీసీలో ‘ప్రవర్తన’ గడి

మన బడి వదిలి వచ్చిన ప్రతి ఒక్కరి చేతికీ ఒక టీసీ ఇచ్చారు. పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, చదివిన తరగతి, ఆ తర్వాత ‘ప్రవర్తన’ అనే గడి అందులో ఉంటాయి. ఆ గడిలో దాదాపు అందరికీ పడేది ఒకటే మాట, ‘గుడ్’. దొరికిన జామెట్రీ బాక్సు తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టినవాడికీ అదే, సంచిలో దాచుకున్నవాడికీ అదే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్లో నిజాయితీని, దయను బడి ఎలా గుర్తించాలన్న ప్రశ్న మాత్రం ఆ గడి కంటే చాలా పెద్దది. దానికి మన దేశంలో కొంత చరిత్ర ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఈ పని ఎక్కువగా తరగతి గది బయటే జరిగింది. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. స్కౌటు నియమాల్లో మొదటిది నమ్మదగినవాడిగా ఉండటం. రోజుకొక మంచిపని చేయడం వాళ్ల ఆనవాయితీ. 1957లో సాహస బాలలకు జాతీయ పురస్కారాలు మొదలయ్యాయి. అయితే సాహసం నలుగురి కళ్లెదుట జరుగుతుంది. నిజాయితీ తరచుగా ఎవరూ చూడనప్పుడు జరుగుతుంది. అందుకే దానికి బహుమతి ఇవ్వడం కష్టం.

1959లో కేంద్ర ప్రభుత్వం శ్రీప్రకాశ అధ్యక్షతన నైతిక బోధనపై ఒక సంఘాన్ని వేసింది. తర్వాత 1964–66 నాటి కొఠారీ కమిషన్ వారానికి ఒకటి రెండు పీరియడ్లు విలువల బోధనకు కేటాయించమంది. ఆ పీరియడు చాలా బళ్లలో టైంటేబుల్ మీద ఉండేది. ఏడో తరగతి కామన్ పరీక్షలు దగ్గరపడేసరికి అందులోకి లెక్కలు వచ్చి కూర్చునేవి.

అసలు ‘వీడు నిజాయితీపరుడు’ అని ఒక్క మాటలో తేల్చడం సాధ్యమేనా? అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే పరిశోధకులు సుమారు 11 వేల మంది బడిపిల్లలను పరీక్షించి 1928లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షలో కాపీ కొట్టని పిల్లవాడు ఆటలో మోసం చేయవచ్చని, ఒకచోటి ప్రవర్తనను బట్టి ఇంకోచోట ఎలా ఉంటాడో చెప్పడం కష్టమని వాళ్లకు తేలింది. అంటే పిల్లవాడికి బిరుదు ఇవ్వడం కంటే, అతను చేసిన పని ఏమిటో చెప్పడం సరైనది.

మనవైపు ఉదాహరణే తీసుకుందాం. మిరప కోతలు మొదలైతే హాజరుపట్టీలో ఖాళీలు పడేవి. అమ్మానాన్నలతో చేలోకి వెళ్లిన పిల్ల తిరిగొచ్చేసరికి పాఠాలు దాటిపోయేవి. మా తరగతిలో ఒకమ్మాయి అలా వెనకబడినవాళ్లకు తన నోటుపుస్తకం ఇచ్చి, మధ్యాహ్నం గంటలో పక్కన కూర్చుని చెప్పేది. ఎవరు రాలేదో హాజరుపట్టీలో ఉంది. వచ్చాక ఎవరు చేయందించారో ఏ పుస్తకంలోనూ లేదు.

దయ అంటే జాలి అనుకుంటే పొరపాటు. మన పక్కనే వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా కులవివక్షను చిన్ననాడే చవిచూశారు, పెరిగి ఉపాధ్యాయుడయ్యారు, మహాకవి అయ్యారు. ఒకే బెంచీ మీద చోటివ్వడం, ఒకే కుండలో నీళ్లు తాగడం ఒక పిల్లవాడికి ఎంత అవసరమో ఆయన జీవితం చెబుతుంది. అలాంటి పని చేసిన తోటివాడిని బడి గుర్తించాలి.

2009 విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని తెచ్చింది. మన రాష్ట్రంలో ‘విలువల విద్య, జీవన నైపుణ్యాలు’ సహపాఠ్య అంశంగా చేరింది. దానికీ గ్రేడే వేశారు. ‘గుడ్’ పోయి ‘ఎ’ వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు వేసి, ప్రగతి పత్రంలో విద్యార్థి తన గురించి తాను చెప్పుకునే మాటకు, తోటి పిల్లలు చెప్పే మాటకు కూడా చోటివ్వమంది. నాకు ఇది ముఖ్యంగా తోస్తుంది. మాస్టారు బోర్డు వైపు తిరిగినప్పుడు జరిగేదంతా చూసేది పక్క బెంచీవాళ్లే కదా!

మరి బహుమతి సంగతేమిటి? 2008లో వార్నెకెన్, టొమాసెల్లో 20 నెలల పసివాళ్లతో ఒక ప్రయోగం చేశారు. సాయం చేసినందుకు వస్తువు పుచ్చుకున్న పిల్లలు తర్వాత తక్కువగా సాయం చేశారు. ఉత్త మెచ్చుకోలు అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు. వాళ్లు పసివాళ్లే అయినా, మనం డబ్బు కవర్లు సిద్ధం చేసేముందు ఆలోచించవలసిన విషయమిది.

మన సంఘానికి నా విన్నపం ఇది. పదో తరగతిలో మార్కులు తెచ్చుకున్నవారికి నగదు ఇవ్వడం మంచిదే. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతికొక మంచి నోటుపుస్తకం కూడా ఇద్దాం. తాము చూసిన మంచిపనిని పిల్లలే వచ్చి చెప్పాలి. క్లాసు టీచరు విచారించి, తేదీ వేసి, రెండు వాక్యాల్లో రాయాలి. చేసినవారి పేరు వారికి ఇష్టమైతేనే ప్రార్థనలో చదవాలి. సాయం పొందినవారి పేరు మాత్రం ఎక్కడా రాకూడదు. ఒకరి మంచితనం ఇంకొకరి లేమిని చాటింపు వేయకూడదు. మొదటి మూడు పుస్తకాల ఖర్చు నాది.