తలుపులు వెయ్యని గుడి ఉన్న ఊరు

2023 జూలై 14, మధ్యాహ్నం రెండున్నర. సూళ్లూరుపేటలో మిద్దెలన్నీ జనంతో నిండి ఉన్నాయి. చంద్రయాన్-3 ఎగరబోతోంది. మా మిద్దె మీద పిల్లలు తూర్పు దిక్కుకు తిరిగి లెక్కపెడుతున్నారు. ముందు వెలుగు కనబడింది, ఆ తరువాత తెల్లటి పొగ. శబ్దం మాత్రం నిమిషం పైన గడిచాక గాని మమ్మల్ని చేరలేదు. కిటికీ రెక్కలు సన్నగా అదిరాయి. చప్పట్లు సద్దుమణిగాక మా తమ్ముడి మనుమరాలు అడిగింది: "తాతా, రాకెట్లు రాకముందు ఆ దీవిలో ఎవరుండేవాళ్ళు?"

ఆ ప్రశ్నే ఈ నాలుగు మాటలూ రాయించింది.

చెన్నైకి ఉత్తరాన సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలో, కాళంగి నది ఒడ్డున ఉన్న ఊరు మాది. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. పక్కనే జాతీయ రహదారి, నడుమ రైలు మార్గం. వచ్చేవాళ్ళూ దాటి వెళ్ళేవాళ్ళే ఈ ఊరికి మొదటినుంచీ జీవం. ఊరి గ్రామదేవత చెంగాలమ్మ గుడికి పగలూ రాత్రీ తలుపులు వెయ్యరు. ఒకప్పుడు తలుపులు పెట్టబోతే అమ్మవారు కలలో కనబడి వద్దన్నదనీ, పక్కన పడేసిన ఆ చెక్క చిగురించి మానైందనీ పెద్దలు చెప్పేవారు. ఆ కథ నిజమా అని చిన్నప్పుడు నేనెన్నడూ అడగలేదు. అర్ధరాత్రి బండి దిగినవాడికి కూడా అమ్మ కనబడాలి అన్న భావం మాత్రం బాగా అర్థమయ్యేది. ఏడేళ్ళకొకసారి జరిగే జాతరలో సుడిమాను తిప్పుతారు. బతుకుతెరువు కోసం ఊరు విడిచినవాళ్ళు ఆ రోజులకు తిరిగి వస్తారు. ప్రయోగాలకు ముందు ఇస్రో అధిపతులు కూడా ఈ గుడికి వచ్చి దణ్ణం పెట్టుకొని వెళ్ళడం మాకు అలవాటైన దృశ్యం.

శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకొన్నది 1969లో. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టుతో ప్రయోగాలు మొదలయ్యాయి. 1979 ఆగస్టు 10న తొలి ఎస్.ఎల్.వి.-3 సముద్రంలో పడిపోయింది. మరుసటి ఏడు జూలై 18న అదే తరహా వాహనం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. వీటితోపాటు మా ఊళ్ళో షార్ ఉద్యోగుల కాలనీలు వెలిశాయి. వేర్వేరు రాష్ట్రాల భాషలు మా అంగళ్ళలో వినబడసాగాయి. ఊరి వేడుకల్లోకి కొత్తగా ఒకటి వచ్చి చేరింది: మిద్దెక్కి రాకెట్టు చూడటం. దానికి టిక్కెట్టు లేదు, పేదా గొప్పా తేడా లేదు.

రెండవ వేడుక పక్షులది. పులికాట్ సరస్సుకు చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో నీళ్ళలో నిలిచే కణపచెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు పైరుకు బలమని తెలిసిన రైతులు ఆ పక్షులను తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చారు. 2001లో ఫ్లెమింగో పండుగ ప్రారంభమైంది. 2020 తరువాత కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. మూడవది సినిమా. 2019 ఆగస్టు 30న 'సాహో'తో మొదలైన పెద్ద తెర కోసం చెన్నై నుంచి కూడా జనం వచ్చారు. తెర వెడల్పు వంద అడుగుల మాట. చిన్న ఊరికి ఇంత పెద్ద తెర ఎందుకని నవ్వినవాళ్ళున్నారు. రహదారి మీది ఊరికి బయటి జనమూ సొంత జనమేనని వాళ్ళకు తట్టలేదు.

ఇన్ని వేడుకల నడుమ ఆ పిల్ల ప్రశ్నకు జవాబు ఎక్కడా కనబడదు. దీవిలో ఉన్నది యానాదులు. 1835లో మద్రాసు నగరానికి వంటచెరకు కోసం కుంఫిణీ ప్రభుత్వం శ్రీహరికోటను తన చేతికి తీసుకొన్నప్పటికే వాళ్ళు అక్కడ ఉన్నారు. అడవిలో తేనె, కుంకుడుకాయలు, బట్టలకు ఎరుపు రంగునిచ్చే చిరివేరు సేకరించి ఇచ్చి, బదులుగా బియ్యం పుచ్చుకొనేవారు. ఏ మొక్క ఏ జబ్బుకు పనికొస్తుందో వాళ్ళకు తెలుసు. థర్స్టన్ 1909లో అచ్చయిన తన గ్రంథంలో వాళ్ళ గురించి విపులంగా రాశాడు. వెన్నెలకంటి రాఘవయ్య వాళ్ళ కోసం దశాబ్దాల పాటు పనిచేసి, 1962లో వాళ్ళ మీద పుస్తకమే వెలువరించారు. రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకొన్నప్పుడు చాలా కుటుంబాలు గట్టుకు ఇవతలకు తరలవలసి వచ్చింది.

ఇది మా ఒక్కచోటి కథ కాదు. అమెరికాలో ఫ్లారిడా తీరాన టైటస్‌విల్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడివాళ్ళు కూడా నీటికి ఇవతల నిలబడి రాకెట్లు చూస్తారు. 1960ల తొలి ఏళ్ళలో అవతలి గట్టున నాసా భూములు కొన్నప్పుడు అలెన్‌హర్స్ట్, షైలో వంటి పల్లెలు లేకుండా పోయాయి.

రాకెట్ కేంద్రం రాకుండా ఉండవలసిందని నేను అనడం లేదు. ఆ శబ్దం వినబడినప్పుడు నా గుండె కూడా ఉప్పొంగుతుంది. కానీ పక్షులకు పండుగ చేసే ఊరు, తెరకు అంత గోడ కట్టిన ఊరు, చిరివేరు తవ్విన చేతులను కూడా ఒకచోట తలుచుకోవాలి. పండుగలో ఒక పందిరి చాలు. అందులో మాట్లాడవలసింది కూడా వాళ్ళే.

పాపకు ఆ సాయంత్రం ఇదంతా చెప్పాను. విని, "మరి వాళ్ళు రాకెట్టు చూడటానికి ఎక్కడ నిలబడతారు?" అంది. తలుపులు వెయ్యని గుడి ఉన్న ఊళ్ళో పెరుగుతున్న పిల్ల. అలాగే అడుగుతుంది మరి.