పాతర, గుమ్మి, డబ్బా: షోలాపూర్ మనోళ్ళ ఇళ్ళలో ఏడాది తిండి

ఈ మధ్య మన ఇళ్ళలో కోడళ్ళు, ఆడపిల్లలు కొత్తగా ఒక పని మొదలుపెట్టారు. నెలంతా కిరాణా కొట్టు గడప తొక్కకుండా, డబ్బాల్లో, ఫ్రిజ్‌లో ఉన్నదాంతోనే వంట నడిపి, మిగిలిన డబ్బు పక్కన పెడుతున్నారు. మంచి పనే. అయితే దీన్ని "మన అమ్మమ్మల పొదుపు" అంటుంటే మాత్రం నాకు కొంచెం ఆపి మాట్లాడాలనిపిస్తుంది. షోలాపూర్‌కు వలస వచ్చిన పద్మశాలి ఇళ్ళలో ఏడాది తిండి నిల్వ పెట్టే అలవాటు ఉన్నది నిజం. కానీ అది ఖర్చు తగ్గించుకునే ఉపాయంగా పుట్టలేదు. నేసిన చీర అమ్ముడుపోని రోజుల్లో బతకడానికి పుట్టింది. ఆ సంగతి రాస్తాను, కొంచెం పొడుగైనా ఓపిక పట్టండి.

ముందు పాతర. ఇప్పుడు "నీతికి పాతరేశారు" అని రాజకీయాల్లో వాడుతున్నాం గానీ, పాతర అంటే జొన్నలు దాచే గొయ్యి. మరాఠీవాళ్ళు పేవ్ అంటారు, కన్నడంవాళ్ళు హగేవు అంటారు. మూడు భాషలూ కలిసే మన ప్రాంతంలో మూడు మాటలూ చెల్లుతాయి. నీళ్ళు ఊరని గట్టి మొరం నేల చూసి తవ్వేవాళ్ళు. మూతి మనిషి దిగేంత, లోపల మాత్రం వెడల్పు. అడుగునా చుట్టూ జొన్నచొప్ప, గడ్డి దట్టంగా పరిచి, జొన్నలు నింపి, పైన మళ్ళీ గడ్డి వేసి మట్టితో మూసేవాళ్ళు. లోపల గింజలే గాలి పీల్చి ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి, దాంతో పురుగు బతకదు. మందూ మాకూ లేకుండా జొన్నలు ఏళ్ళతరబడి ఉండేవి. పాతర తెరిచిన వెంటనే దిగితే మనిషి ప్రాణం పోయేది కూడా ఆ గాలి వల్లే. అందుకే మూత తీసి చాలాసేపు వదిలేసి, దీపం దింపి, అది ఆరకపోతేనే దిగేవాళ్ళు. ఇంకో సంగతి: పాతర జొన్నలు తినడానికి పనికొస్తాయి, విత్తడానికి పనికిరావు. మొలక శక్తి పోతుంది. అందుకని విత్తనం కంకులు విడిగా ఇంట్లో వేలాడదీసేవాళ్ళు.

పాతర రైతుది, ఊరి షావుకారుది. మన సాలెవాళ్ళది కాదు. కానీ మన బతుకు దానిమీదే ఆధారపడింది. పంట బాగా పండిన ఏడు మిగులు జొన్నలు ఊళ్ళోనే ఉండేవి, ఎందుకంటే ఎడ్లబండ్ల మీద దూరం తోలితే కిరాయికే సరిపోదు. 1860 నాటికి బొంబాయి రైలు షోలాపూర్‌ దాకా వచ్చింది. ఇక మిగులు పాతరలోకి ఎందుకు పోతుంది? ధర ఉన్న చోటికి పోతుంది. రైలు వల్ల మన ఊరు పెరిగింది, మిల్లులు వచ్చాయి, నూలు వచ్చింది, మనోళ్ళకు పని దొరికింది. అదే రైలు పాతరల్ని ఖాళీ చేసింది. రెండూ చెప్పాలి.

తర్వాత 1876-78 కరువు. బొంబాయి ప్రెసిడెన్సీలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో షోలాపూర్ ఒకటి. ఇక్కడే సాలెవాడి కష్టం వేరు. రైతుకు పంట పోతుంది. సాలెవాడికి మగ్గం ఉంటుంది, నూలు ఉంటుంది, చేతిలో పని ఉంటుంది, కానీ కొనేవాడు ఉండడు. మనోళ్ళు నేసినవి ఎక్కువగా పల్లెటూరి ఆడవాళ్ళు కట్టే చీరలు. జొన్నల ధర పెరిగితే పల్లెలో ఎవరైనా ముందు ఆపేసేది చీర కొనడమే. అంటే తిండి ఖరీదైన నెలలోనే మనకు రాబడి ఆగిపోతుంది. ఒకే దెబ్బ రెండు వైపుల నుంచి తగులుతుంది. ఆ కరువులో సర్కారు కరువు పనుల కూలిని, రిచర్డ్ టెంపుల్ లెక్క ప్రకారం, మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యానికీ పైన కొద్దిపాటి చిల్లరకీ కుదించింది. పౌండంటే అర కిలో కూడా కాదు. రాళ్ళు కొట్టే పనికి ఆ తిండి చాలదని జనం పనులు వదిలి వెళ్ళిపోయారు. మగ్గం మీద కూర్చునే మనిషికి రాళ్ళు కొట్టే పని ఎంత చేతనవుతుందో మీరే ఆలోచించండి.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి తరతరాలుగా ఇక్కడికి వచ్చిన కుటుంబాలకు ఈ ఊళ్ళో పొలం లేదు, సొంత పాతర లేదు. ఉన్నది గుమ్మి, కాగులు, కుండలు. వాటిని నింపే పద్ధతి చూడండి. ఇక్కడి జొన్న యాసంగి జొన్న. మాల్దండి, కోత ఫిబ్రవరి, మార్చిలో. కందిపప్పు కొత్తది కూడా కాస్త అటూఇటూగా అప్పుడే. ఎండుమిరప, చింతపండు ఉగాది లోపలే. తొక్కుకు మామిడికాయ మే నెలలో. అంటే ఏడాది ఖర్చంతా సంక్రాంతి నుంచి మృగశిర కార్తె లోపల పడిపోతుంది. కందిపప్పుకు ఆముదం పట్టించి ఎండబెట్టేవాళ్ళు. జొన్నల్లో వేపాకు కలిపేవాళ్ళు. చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి, ముద్దలు చేసి కుండకెత్తేవాళ్ళు. వడియాలు సరేసరి. మరాఠీ, కన్నడం ఇరుగుపొరుగు నుంచి కడక్ భాకరీ నేర్చుకున్నారు. జొన్నరొట్టెను అప్పడంలా పలచగా చేసి పూర్తిగా ఎండేదాకా కాలిస్తే వారాలు నిలుస్తుంది. దాన్ని పల్లీల పొడితో తింటే పొయ్యి వెలిగించే పని కూడా లేదు. ఇప్పుడు దాన్ని షోలాపూర్ స్పెషల్ అని ప్యాకెట్లలో అమ్ముతున్నారు, ధర చూస్తే నవ్వొస్తుంది.

వానాకాలం ఎందుకు ముఖ్యమో మగ్గం తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పడుగు వీధిలో పొడుగ్గా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండలో ఆరబెట్టాలి. ముసురు పట్టిందంటే పడుగు ఆరదు, పడుగు ఆరకపోతే మగ్గం నడవదు, మగ్గం నడవకపోతే కూలి లేదు. ఆ గంజి కూడా ధాన్యం నుంచి వచ్చేదే. మా పెద్దలు పడుగును కూడా ఇంట్లో ఒక నోరుగా లెక్కపెట్టేవాళ్ళు. ఆషాఢం, శ్రావణం గుమ్మిలో జొన్నలతో గడిచేవి: పొద్దున అంబలి, మధ్యాహ్నం రొట్టె, తొక్కు, రాత్రికి గటుక.

ఇంతవరకు వింటే అందరూ ఇలాగే బతికారనిపిస్తుంది. కాదు. ఆదా అనేది డబ్బా ఖాళీ చేసేటప్పుడు జరగదు, నింపేటప్పుడు జరుగుతుంది. చవక ఉన్న నెలలో మూటలకు మూటలు కొనాలంటే ఆ నెలలో చేతిలో మొత్తంగా రూపాయలుండాలి. కార్ఖాన్‌దారు దగ్గర బాకీ తీసుకుని వారం కూలికి నేసేవాడికి అవి ఎక్కడివి? వాడు ఉద్దెర ఖాతా మీద రోజుకు ఇన్ని జొన్నలు, ఒక పిడికెడు పప్పు, చిన్న గిన్నెడు నూనె తెచ్చుకునేవాడు. అదే జొన్న వాడికి ఆగస్టు ధరకు పడేది, పైన షావుకారి లాభం. డబ్బున్నవాడికి చవక, లేనివాడికి ఖరీదు. ఒకే వాడలో పక్కపక్క ఇళ్ళు ఇలా ఉండేవి. గుమ్మి నిండిన ఇంటికి పిల్లనివ్వడానికి ఎందుకు ముందుకొచ్చేవాళ్ళో అర్థమవుతుంది. కొందరు ఆడవాళ్ళు భిశీ వేసుకుని, బీడీలు చుట్టిన డబ్బు పోగుచేసి, చిట్టి ఎత్తుకుని జొన్నలు కొనేవాళ్ళు. నా దృష్టిలో మన పొదుపు చరిత్రలో అసలు మెచ్చుకోవాల్సింది ఈ భిశీనే, ఊరగాయ జాడీ కాదు.

యుద్ధకాలంలో, 1943లో బొంబాయిలో రేషన్ మొదలై ఇతర పట్టణాలకు పాకింది. అప్పటి నుంచి "నిల్వ" అన్న మాటకే చెడ్డపేరు వచ్చింది. 1955 నిత్యావసర సరుకుల చట్టం తర్వాత నిల్వ అంటే నల్లబజారు అన్నట్టయింది. చట్టం గురి వ్యాపారుల మీదే, ఇంటి గుమ్మి మీద కాదు. అయినా రేషన్ కార్డు వచ్చాక నెలనెలా కొనే అలవాటు పెరిగింది, గుమ్మి చిన్న డబ్బాగా మారింది.

1972 కరువు గుర్తున్నవాళ్ళు మన మధ్య ఇంకా ఉన్నారు. వరసగా మూడేళ్ళు మహారాష్ట్రలో వానలు దెబ్బతీశాయి. గుమ్మి ఎంత పెద్దదైనా ఒక ఏడాదిని దాటిస్తుంది, మూడేళ్ళను దాటించలేదు. 1973 మే నాటికి రాష్ట్రంలో దాదాపు 49 లక్షల మంది కరువు పనుల్లో ఉన్నారు. పనుల దగ్గర సుకడీ పంచారు. రేషన్‌లో అమెరికా ఎర్రజొన్న, మిలో, ఇచ్చారు. మాల్దండి రొట్టెకు అలవాటు పడిన నోటికి అది ఎక్కలేదు, కానీ తిన్నారు. ఆ ఏడు జనాన్ని బతికించింది ఇంటి నిల్వ కాదు, సర్కారు ఇచ్చిన పనీ కూలీ. 1877తో పోలిస్తే ఉన్న తేడా అదే. మహారాష్ట్ర రోజ్‌గార్ హమీ చట్టం 1977లో వచ్చిందంటే దాని వెనక ఈ కరువు అనుభవం ఉంది.

2020 లాక్‌డౌన్‌లో పవర్‌లూములు ఆగాయి, బీడీ ఆకు పంచడం ఆగింది. అప్పుడు మన పూర్వ భాగంలో మళ్ళీ అదే రెండు రకాల ఇళ్ళు కనిపించాయి. డబ్బాలు నిండిన ఇల్లు తలుపేసుకుని కూర్చుంది. వారం కూలి ఇల్లు మనిషికి 5 కిలోల ఉచిత రేషన్ కోసం లైన్లో నిలబడింది.

కాబట్టి ఫ్రిజ్ ఖాళీ చేసి నెల నడుపుతున్న మన ఆడపిల్లలకు నా మాట: జనవరిలో పచ్చిబఠాణీ చవకైనప్పుడు ఒలిచి ఫ్రీజర్‌లో పెట్టారా, లేక జూన్‌లో ప్యాకెట్ కొన్నారా, లెక్క అక్కడ చూసుకోండి. ఇక సంఘం విషయం. వచ్చే సమావేశంలో నేను ఒక ప్రతిపాదన పెడతాను. దసరా నుంచి నెలకింత చొప్పున భిశీ వేసి, ఫిబ్రవరి చివర కొత్త జొన్న, కందిపప్పు మార్కెట్ యార్డుకు రాగానే అందరికీ కలిపి మూటల లెక్కన కొందాం. ముందు పేర్లు బీడీ, పవర్‌లూమ్ కూలి ఇళ్ళవి రాయాలి. మూటలు దించుకోవడానికి చోటు, తూకానికి మనుషులు కావాలి. ఎవరికి వీలవుతుందో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.